చినుకు నడిచే దారి

వాన వెలిసిన మరునాడు, రేవులో కట్టి ఉంచిన చిన్న తెరచాప పడవ గదిలోకి దిగి చూస్తే పరుపు తడిసి ఉంటుంది. తల పైకెత్తితే సరిగ్గా ఆ పైన ఒక బోల్టు కనిపిస్తుంది. యజమాని దాని చుట్టూ ఏదో జిగురు పూసి నిశ్చింతగా ఇంటికి వెళతాడు. తరువాతి వానకు పరుపు మళ్ళీ తడుస్తుంది. నీరు కనిపించిన చోటనే నీరు ప్రవేశించిందని అతడు నమ్మాడు. న్యాయశాస్త్రంలో కొండమీద పొగను చూచి ఆ కొండమీదనే నిప్పు ఉన్నదని నిశ్చయిస్తారు. ఇక్కడ పొగ ఒక కొండమీద, నిప్పు వేరొక కొండమీద.

పెంకుటిళ్ళలో పెరిగినవారికి ఇది వింత కాదు. పెంకు పగిలేది ఒకచోట, చినుకు వాసం వెంట జారి రాలేది మరొకచోట. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం తప్పే గాని, కారే ఇంటి వాసాలు లెక్కపెట్టక తప్పదు!

పడవలో ఆ లెక్క మరింత చిక్కైనది. పడవ పైతలాన్ని డెక్కు అంటారు. చాలా పడవలలో అది ఒకే పలక కాదు. రెండు ఫైబర్ గ్లాస్ పొరల నడుమ తేలికైన బాల్సా కలపనో, ప్లైవుడ్డునో పేర్చి చేసినది. రాడ్ జాన్‌స్టోన్ రూపకల్పన చేయగా 1977 నుంచి ఐదు వేలకు పైగా తయారైన 24 అడుగుల ‘జె 24’ పడవ ఇందుకు ఉదాహరణ. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఆరుగురు నావికాదళ మహిళలు భూగోళాన్ని చుట్టి వచ్చిన ‘ఐ.ఎన్.ఎస్.వి. తారిణి’ ఇంతకంటె చాలా పెద్దదే అయినా, దానిలోనూ ఫైబర్ గ్లాస్ పొరల నడుమ చెక్కే ఉన్నది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం యువతి పి. స్వాతి, హైదరాబాదు యువతి బి. ఐశ్వర్య ఉండడం మనకు సంతోషకరం.

పై పొరలోని రంధ్రం గుండా దిగిన నీరు నడిమి కలపలో ఇంకి, పడవ వాలును బట్టి పాకి, లోపలి పొరలో సందు దొరికిన చోట బొట్టుబొట్టుగా పడుతుంది. చెక్కకు ఉప్పునీటికంటె వాననీరే ఎక్కువ చేటు. కలపను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు ఉప్పు గిట్టదు. పూర్వం అమెరికాలో చెక్క ఓడల పక్కటెముకల నడుమ ఉప్పు నింపిన నిర్మాతలు ఉన్నారు. కాబట్టి రేవులో ఊరక నిలిచిన పడవకు ముప్పు సముద్రంనుంచి కాదు, ఆకాశంనుంచి వస్తుంది. డెక్కు అంచున కమ్మీ స్తంభాలు బోల్టులతో బిగించి ఉంటాయి. పెనుగాలిలో కాలు జారిన మనిషి ఒరిగేది ఆ కమ్మీమీదనే. బోల్టు చుట్టూ కలప మెత్తబడితే స్తంభం పట్టు సడలుతుంది. పరుపు ఎండకు ఆరుతుంది, అది ఆరేది కాదు.

పరీక్ష నాలుకతో మొదలవుతుంది. కారిన నీరు ఉప్పగా ఉంటే దాని కథ వేరు. చప్పగా ఉంటే వాననీరు కావచ్చు, మంచినీటి తొట్టిదీ కావచ్చు, చల్లని రాత్రి మన ఊపిరి గోడలపై చెమర్చినదీ కావచ్చు. తరువాత లోపలి పలకలు ఊడదీసి, తడి తుడిచి, ప్రతి బోల్టు చుట్టూ సుద్దపొడి చల్లాలి. ఒకరు దీపంతో లోపల ఉండగా, మరొకరు పైన గొట్టంతో నీరు పోయాలి. పోయడం పల్లంనుంచి ఎత్తుకు సాగాలి, ఒక్కొక్కచోట కొన్ని నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి, దొంగ ఎవరో తెలియకుండా పోతాడు. కమ్మీ స్తంభాల మొదళ్ళు, కిటికీ చట్రాలు, తెరచాపకొయ్యను నిలబెట్టే తీగలు డెక్కుకు తగులుకునే చోట్లు ముందుగా అనుమానించదగినవి. ఆ కొయ్య బోలుది అయితే, మోకులు దూరే సందులగుండా వాన లోపలికి దిగుతుంది. దానికి డెక్కును నిందించి ప్రయోజనం లేదు.

పైపూత చికిత్స కాదు. బోల్టు తీసి, పాత జిగురు గీకి, రంధ్రాన్ని వెడల్పు చేసి, కుళ్ళిన కలపను తొలగించాలి. మిగిలినది పూర్తిగా ఆరిన తరువాత చిక్కని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక నడుమ అసలు కొలతకు మళ్ళీ తొలచాలి. ఇక నీరు దిగినా కలపను తాకదు. బోల్టు తల కింద బ్యూటైల్ టేపు చుట్టి, బోల్టును కదలనీయక, లోపలి నట్టునే కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా బిగించాలి. సులభంగా దొరుకుతుందని సిలికాన్ పూసేవారున్నారు. దాని జిడ్డు మిగిలిన చోట తరువాత ఏ జిగురూ సరిగా అంటదు.

ఆపై మళ్ళీ గొట్టం పట్టి నీరు పోయాలి. లోపల సుద్దపొడి చెదరకుంటే పక్క బోల్టుకు పోవచ్చు. ఇటువంటి రంధ్రాలు ఒక్క పడవలో పదుల కొద్దీ ఉంటాయి.