పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడేవాళ్లు లినక్స్‌కి మారొచ్చా? ముందు ఈ పనులు చేసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 లాంటివి లేని పాత కంప్యూటర్లు అధికారికంగా విండోస్ 11కి వెళ్లలేవు. బాగానే నడుస్తున్న సిస్టమ్‌ని పక్కన పడేసే బదులు లినక్స్ వేసుకుంటే పోలా అనిపించడం సహజమే. బ్రౌజింగ్, ఆఫీసు లెటర్లు, వీడియోల వరకైతే పెద్ద ఇబ్బంది ఉండదు. డీటీపీ పని చేసేవాళ్ల సంగతి వేరు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు మ్యాగజైన్లు, పుస్తకాలు... ఏళ్ల తరబడి చేసిన పనంతా పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా ఫైళ్లలో, అను ఫాంట్లలో ఉంటుంది. పాత కస్టమర్ వచ్చి "పోయినసారిదే, తేదీ మార్చి ఇవ్వండి" అంటే ఆ ఫైలు తెరుచుకోవాలి కదా!

పేజ్‌మేకర్‌కి బదులు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అన్నదానికి జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. అసలు చిక్కు పాత ఫైళ్లలో ఉన్న తెలుగు అక్షరాలతోనే. అందుకే ఈ ఆర్టికల్‌లో ముందు అక్షరాల సంగతి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ల సంగతి చూద్దాం.

మీ ఫైల్లో ఉన్నది నిజంగా తెలుగేనా?

ఒక చిన్న టెస్ట్ చేయండి. పాత ఫైలు ఒకటి తెరిచి, ఒక పేరా సెలెక్ట్ చేసి, ఫాంట్‌ని ఏరియల్‌కి మార్చండి. అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది యూనికోడ్ తెలుగు కాదు.

అను లాంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్లనే. ఫాంట్ మాత్రం ఆ కోడ్ల స్థానంలో తెలుగు ముక్కల్ని గీస్తుంది. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. వాటిని పక్కపక్కన పేర్చితే మన కంటికి తెలుగులా కనిపిస్తుంది. ఫాంట్ తీసేస్తే తెలుగు కూడా పోతుంది.

యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సొంత కోడ్లు ఉన్నాయి. ఫాంట్ మారితే అక్షరం రూపు మారుతుంది గానీ అక్షరం మారదు. ఉదాహరణకి "స్త్రీ" అనే అక్షరాన్ని యూనికోడ్ స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అనే వరుసలో దాచుకుంటుంది. పాత ఫాంట్లలో కంటికి కనిపించే ముక్కల వరుసలో ఉంటుంది. రెండు వరుసలూ వేరు కాబట్టే ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు, క్రావడి దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.

విండోస్ తీసేయకముందే చేయాల్సిన పనులు

ఈ పనులన్నీ పాత సిస్టమ్ నడుస్తున్నప్పుడే చేసుకోవాలి. ఫార్మాట్ కొట్టాక చేద్దామంటే కుదరదు.

1. పీడీఎఫ్ తీయండి. ముఖ్యమైన ప్రతి పేజ్‌మేకర్ ఫైలుకీ ఫాంట్లు ఎంబెడ్ అయ్యేలా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. మార్పులు లేని రీప్రింట్లకి ఇది చాలు. ఎడిట్ చేయాల్సిన ఫైలు ముందు ఎలా ఉండేదో చూసుకోడానికి కూడా ఇదే ఆధారం.

2. టెక్స్ట్ బయటికి తీయండి. మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్‌ని పేజ్‌మేకర్‌లోని ఎక్స్‌పోర్ట్ ఆప్షన్‌తో టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసి, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయండి. ఒక జాగ్రత్త: మ్యాటర్ మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పదాలు, ఈమెయిల్ అడ్రస్‌ల లాంటివి కూడా కన్వర్టర్ చేతిలో తెలుగు ముక్కలుగా మారిపోతాయి. వాటిని ముందే వేరు చేసి పెట్టుకోండి. మార్చిన తర్వాత ప్రూఫ్ చూడటం తప్పనిసరి. ముఖ్యంగా పేర్లు, అంకెలు.

3. కోరెల్ ఫైళ్లకి రెండు కాపీలు. ఒకటి ఉన్నది ఉన్నట్టుగా. రెండోది టెక్స్ట్ మొత్తాన్ని కర్వ్స్ చేసి. కర్వ్స్ చేసినదానికి ఫాంట్ అక్కర్లేదు కాబట్టి ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు. కానీ అందులో అక్షరాలు దిద్దడం కుదరదు. అందుకే రెండూ ఉంచుకోవాలి.

4. ఇన్‌డిజైన్ వాడుతుంటే ఐడీఎంఎల్ తీయండి. మామూలు ఐఎన్‌డీడీ ఫైలుని స్క్రైబస్ తెరవలేదు. ఐడీఎంఎల్‌గా సేవ్ చేస్తే తెరుస్తుంది.

5. పబ్లిషర్ ఫైళ్లు ఉంటే అవి కూడా. మైక్రోసాఫ్ట్ పబ్లిషర్‌కి 2026 అక్టోబర్‌తో సపోర్ట్ ఆపేస్తామని కంపెనీ ప్రకటించింది. మీరు విండోస్‌లోనే ఉన్నా ఆ ఫైళ్లకి పీడీఎఫ్ తీసుకోవడం మంచిది.

ఏ పనికి ఏ సాఫ్ట్‌వేర్?

పేజ్‌మేకర్‌కి బదులు స్క్రైబస్: పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అంటే మనం వాడుతున్నది ఎప్పుడో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్. స్క్రైబస్‌లో మాస్టర్ పేజీలు, స్టోరీ ఎడిటర్ రెండూ ఉన్నాయి, పేర్లు కూడా అవే. సీఎంవైకే రంగులు, ప్రెస్‌కి పంపే పీడీఎఫ్-ఎక్స్ ఫార్మాట్లు ఉన్నాయి. పీడీఎఫ్ తీసే ముందు తప్పులుంటే తనే చూపిస్తుంది. వెర్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త. పాత 1.4 సిరీస్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూడవు. 1.6 లేదా ఆ తర్వాతదే వేసుకోండి.

పాత పేజ్‌మేకర్ ఫైలు తెరవడానికి లిబ్రేఆఫీస్ డ్రా: 4.4 వెర్షన్ నుంచి ఇందులో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే వీలుంది. లేఅవుట్ ఉన్నది ఉన్నట్టు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అను మ్యాటర్ అయితే ముందు చెప్పిన ఇంగ్లిష్ గందరగోళమే కనిపిస్తుంది. ఏ ఫైల్లో ఏముందో చూసుకోడానికి పనికొస్తుంది, అంతే.

కోరెల్‌డ్రాకి బదులు ఇంక్‌స్కేప్: శుభలేఖలు, లోగోలు, ఫ్లెక్సీ డిజైన్లకి బాగుంటుంది. కోరెల్ ఫైళ్లని కొంతవరకు తెరుస్తుంది. దీని లోటు ఒకటే, పని ఆర్‌జీబీలో చేస్తుంది. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌కి వెళ్లే పనైతే డిజైన్‌ని ఎస్‌వీజీగా సేవ్ చేసి, స్క్రైబస్‌లోకి తెచ్చుకుని, రంగులు సరిచూసి అక్కడి నుంచి సీఎంవైకే పీడీఎఫ్ తీయాలి.

ఫొటోషాప్‌కి బదులు గింప్, క్రిత: ఫొటోలు దిద్దడానికి గింప్ సరిపోతుంది. 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. నేరుగా సీఎంవైకేలోనే పని చేయాలంటే క్రిత చూడండి.

వీటన్నిటిలో ఒక మంచి సంగతి ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం, పైగా విండోస్‌లో కూడా నడుస్తాయి. కాబట్టి రెండు మార్పులూ ఒకేసారి నెత్తిన వేసుకోవద్దు. ముందు విండోస్‌లోనే స్క్రైబస్ వేసుకుని రెండు మూడు నెలలు చిన్న పనులు చేయండి. చేయి అలవాటయ్యాక ఆపరేటింగ్ సిస్టమ్ మార్చండి. అప్పటికి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా మిగలదు.

కీబోర్డ్, ఫాంట్లు

అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ సాఫ్ట్‌వేర్, లినక్స్‌లో నేరుగా నడవదు. "మరి యాపిల్ కీబోర్డ్‌లో పడిన చేయి ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?" అంటే, అంత అవసరం లేదు. లినక్స్‌లో ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ పేరుతో కూడా లేఅవుట్ ఉంటుంది. ఇది నేరుగా యూనికోడ్‌లో టైప్ చేస్తుంది. ముందు ఒక పేజీ మ్యాటర్ కొట్టి చూడండి, తేడా వచ్చే కీలు ఏవో తెలిసిపోతాయి. వాటిని ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకుంటే సరి.

ఫాంట్ల విషయంలో అనులో ఉన్నంత వెరైటీ యూనికోడ్‌లో లేదన్న మాట కొంత నిజమే. కానీ పరిస్థితి మునుపటిలా లేదు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, గిడుగు, సురన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార పనులకి కూడా వాడుకోవచ్చు. నోటో సెరిఫ్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు ఎలాగూ ఉన్నాయి.

ఏ ఫాంట్ తీసుకున్నా ముందు ఈ లైన్ టైప్ చేసి, పీడీఎఫ్ చేసి, ప్రింట్ తీసి చూడండి: స్వాతంత్ర్యం, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, స్త్రీ, కృష్ణుడు. ఇందులో ఒత్తులన్నీ సరిగ్గా కూర్చుంటే ఆ ఫాంట్ దాదాపు అన్ని పనులకీ పనికొస్తుంది. రెండు లైన్ల మధ్య ఒత్తులు గుద్దుకుంటున్నాయేమో కూడా గమనించండి. అను పేజీలో ఉన్న లైన్ స్పేసింగ్ ఇక్కడ సరిపోకపోవచ్చు. అలాంటప్పుడు పుస్తకం పేజీల సంఖ్య మారుతుంది కాబట్టి రేటు చెప్పేముందే లెక్క చూసుకోండి.

మ్యాక్‌కి వెళ్లాలనుకుంటే?

పేజ్‌మేకర్ ఇప్పటి మ్యాక్‌లలో నడవదు. ఇన్‌డిజైన్ నడుస్తుంది, విండోస్‌లో చేసిన ఫైళ్లూ తెరుచుకుంటాయి. తెలుగు యూనికోడ్‌కి వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవడం మరిచిపోవద్దు. లేకపోతే ఒత్తులు విడిపోతాయి. అఫినిటీని 2025 అక్టోబర్ చివర్లో కాన్వా ఉచితం చేసింది. అది విండోస్, మ్యాక్‌లకే, లినక్స్‌కి లేదు. పైన ఇచ్చిన లైన్‌తో టెస్ట్ చేశాకే దాన్ని తెలుగు పనికి పెట్టుకోండి.

చివరి పరీక్ష ప్రెస్ దగ్గరే

ఇప్పటికే ప్రింట్ అయిన ఒక చిన్న పనిని కొత్త సిస్టమ్‌లో మొదటి నుంచి చివరి దాకా చేయండి. ఆ పీడీఎఫ్‌ని మీరు రోజూ పంపే ప్రెస్‌కే పంపి, ప్లేట్‌కి వెళ్లేంత సరిగ్గా ఉందా అని అడగండి. నలుపు అక్షరాలు ఒక్క నలుపు ప్లేట్‌లోనే వస్తున్నాయా, నాలుగు ప్లేట్లలోకీ పాకుతున్నాయా అన్నది ప్రత్యేకంగా చూడమని చెప్పండి. అది ఓకే అయ్యాకే కస్టమర్ పని మొదలుపెట్టండి.

అప్పటికీ పాత విండోస్‌ని పూర్తిగా వదిలేయక్కర్లేదు. లినక్స్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుని అందులో విండోస్, పేజ్‌మేకర్, అను పెట్టుకోవచ్చు. దానికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. రోజంతా పాత ఫైళ్లే దిద్దుతూ ఉండే సెంటర్ అయితే ఇప్పుడే మారడం వల్ల లాభం తక్కువ. ఒక సిస్టమ్ అలాగే ఉంచి, రెండోదానిలో లినక్స్ వేసుకోండి.

ఎలా మారినా ఒక నియమం పెట్టుకోండి: ఈ రోజు నుంచి వచ్చే ప్రతి కొత్త పనీ యూనికోడ్‌లోనే. పాతవన్నీ కూర్చుని మార్చక్కర్లేదు, కస్టమర్ మళ్లీ అడిగినప్పుడు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చాలు. ఇంకో పదేళ్లకి మళ్లీ సిస్టమ్ మార్చాల్సి వచ్చినా మీ తెలుగు ఏ ఒక్క ఫాంట్‌కో, ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కో తాకట్టులో ఉండదు.