పాఠము చెప్పే తీరే పనికి సిద్ధపరచును



మన బిడ్డలు మంచి మార్కులతో పరీక్షలు దాటుచున్నారు. అయినను ఉద్యోగపు ఇంటర్వ్యూలో నోరు విప్పలేక వెనుదిరుగువారు వారిలో ఉన్నారు. తెలివి లేక కాదు, తెలిసినది నలుగురిలో చెప్పే అలవాటు లేక. ఈ లోటు ఉపదేశముతో తీరదు. మనము బోధించే పద్ధతి మారవలెను.

ఒకే పనిని నమ్ముకొని జీవితమంతా గడిపే కాలము గతించినది. మనవారును పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడినప్పుడు, గనిపని తప్ప మరొకటి ఎరుగనివారు ఎంతో చిక్కుపడిరి. గనుక క్రొత్త పని నేర్చుకొనే శక్తియే నేటి బిడ్డలకు ఆస్తి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పది జీవన నైపుణ్యాలను పేర్కొన్నది. నిర్ణయము తీసుకొనుట, సమస్యను పరిష్కరించుట, చక్కగా మాటలాడుట, ఇతరులతో కలిసి మెలగుట, ఒత్తిడిని తట్టుకొనుట వాటిలో కొన్ని. ఇవి కంఠస్థము చేసేవి కావు. ఈత వలె దిగి నేర్చుకొనేవి.

ఇది క్రొత్త మాట కాదు. చేతిపని ద్వారానే చదువు చెప్పవలెనని గాంధీగారు 1937లో వార్ధా మహాసభలో ప్రతిపాదించిరి. 6 నుండి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి యొద్ద పని నేర్చుకొనవలెనని 2020 జాతీయ విద్యా విధానము సూచించినది.

మన ఇండ్లలోను తరగతులలోను చేయదగినవి:

1. జవాబు మనమే చెప్పక, ప్రశ్న అడిగి కాసేపు ఆగుదము. ఆలోచించుటకు సమయమిత్తము.

2. ఐదుగురిని ఒక జట్టు చేసి, 500 రూపాయలలో 20 మందికి ఫలహారము ఏర్పాటు చేయుమందము. ధరలు విచారించుట, పని పంచుకొనుట, లెక్క అప్పగించుట అన్నియు అందులోనే వచ్చును.

3. మన బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. ఒక భాషలో విన్నది మరొక భాషలో చెప్పించుదము. దుకాణములోను ఆసుపత్రిలోను ఆఫీసులోను ఈ నేర్పుకు విలువ ఉన్నది.

4. తప్పు చేసిన బిడ్డను నవ్వులపాలు చేయవద్దు. ఎక్కడ తప్పెనో తానే వెదకి దిద్దుకొననిత్తము. నవ్వులకు భయపడిన బిడ్డ ఇంటర్వ్యూలోను మౌనముగానే ఉండును.

ఆలోచించుటకు: గత వారము మన తరగతిలో ఎక్కువసేపు మాటలాడినది ఎవరు? మనమా, బిడ్డలా?