నాలుగు జవాబుల్లో లేని ప్రశ్న

బిడ్డా,

నీ బుర్రకేం లోటు లేదు. ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సులో 90 మార్కులొచ్చినా ప్రాజెక్టుకు సొంత ఆలోచన ఒక్కటీ తోచడం లేదని దిగులుగా రాశావు. ఆ మార్కులు నాలుగు జవాబుల్లో సరైనదాన్ని పట్టుకున్నందుకు వచ్చినవి. ప్రాజెక్టుకు ప్రశ్న కూడా నువ్వే పుట్టించాలి. అందులో నీకు సాధన లేదు, అంతే. 1950లో గిల్‌ఫర్డ్ అనే అమెరికా మనస్తత్వవేత్త, సృజన మీద పరిశోధన సరిగా జరగలేదని తోటి శాస్త్రవేత్తల సభలోనే గట్టిగా అన్నాడు. ఒకే జవాబు వైపు సాగే ఆలోచన వేరు, పలు దారులు పట్టే ఆలోచన వేరని తర్వాత విడదీసి చూపిందీ ఆయనే.

ఆ సాధనకు మొదటి మెట్టు, పాఠాన్ని మధ్యలో ఆపడం. హైదరాబాదులో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు రేడియోలో వినేవాళ్లకు మధ్యలో ఆపే వీలు లేదు. నీకుంది. నువ్వేమో ఒకటిన్నర రెట్ల వేగంతో పరుగెత్తిస్తున్నావు! అక్కడే నాకు కోపం. సారు ప్రశ్న వేసి జవాబు చెప్పబోతుంటే ఆపు. నీకు తోచినవి ఐదు రాయి, తప్పయినా సరే. మొదటి రెండూ అందరికీ తోచేవే ఉంటాయి. మూడో దాని దగ్గర కష్టపడాలి. ఆ కష్టాన్ని దాటేయకు. తోటివాళ్ల గ్రూపులో వచ్చిన జవాబులు ఎక్కించుకుంటే ఆ కష్టమే నీకు దక్కదు.

తర్వాత ఆ పాఠాన్ని మన గోదావరి ఒడ్డుకు తెచ్చి అడుగు. వరదల పాఠం విన్నానన్నావు గదా. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీళ్లు 75.6 అడుగులకు చేరాయి, 2022 జులైలో 71 దాటాయి. ఈ అంకెలు అందరి దగ్గరా ఉన్నాయి. భద్రాచలంలో 53 అంటే కూనవరంలో ఏ ఇంటి గడప మునుగుతుంది? అక్కడ శబరి వచ్చి కలుస్తుంది. రెండు నదులూ ఒకేసారి పొంగితే లెక్క ఎలా మారుతుంది? అడుగుల్లో చెప్పే హెచ్చరికను ఊరి బడి మెట్ల మీద గుర్తులుగా చూపించొచ్చా? చూశావా, ఒక్క పాఠం నుంచి మూడు ప్రాజెక్టులు!

ఈ పని ఒక్కదానివే చెయ్యకు. ఊళ్లో సిగ్నల్ అందని నీ స్నేహితురాలికి పాఠం డౌన్‌లోడ్ చేసి ఇవ్వు, కోయ భాషలో తన వాళ్లకు చెప్పమను. వాళ్లు అడిగే ప్రశ్నలు పుస్తకంలో దొరకవు. 1986 వరద చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. సెలవుల్లో వెళ్లి కూర్చోండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లనే చూపించమనండి, టేపుతో కొలవండి.

వాళ్లు చూపించిన చోటుకూ నీ పాఠంలోని లెక్కకూ పొంతన కుదరకపోతే కంగారు పడకు. ఎందుకు కుదరలేదో వెతకడమే నీ ప్రాజెక్టు. రేపు హెచ్చరిక వచ్చినప్పుడు ఎప్పుడు ఇల్లు వదలాలో ఒక ఊరికైనా అది చెప్పగలిగితే, నీ చదువు పనికొచ్చినట్టే.

ఆశీస్సులతో,
పెదనాన్న