బాయిలర్ కింద గిన్నె పెట్టకండి

బర్మింగ్‌హామ్‌లో మా మొదటి ఇంట్లో, వంటగది బాయిలర్ కింద చుక్కచుక్క నీరు పడుతుంటే మా ఆవిడ స్టీలు గిన్నె పెట్టింది. పొద్దున్నే నేను ఆ గిన్నె పారబోసి, కుళాయి తిప్పి ప్రెషర్ నింపేవాణ్ణి. చలికాలమంతా అలాగే నెట్టుకొచ్చాం. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చి, చివరికి బాయిలరే మార్చాల్సి వచ్చింది. బ్రిటన్‌కు కొత్తగా వస్తున్న మన పిల్లల కోసం, ఆ చలికాలం నేర్పిన పాఠాలివి.

1. బాయిలర్ కారుతుంటే ముందు దాని కరెంటు ఆపండి. నీరు ధారగా వస్తుంటే మెయిన్ వాల్వు కూడా కట్టేయండి. చాలా ఇళ్లలో అది వంటింటి సింకు కింద ఉంటుంది. ఇంట్లో దిగిన రోజే ఎక్కడుందో చూసుకోండి.

2. ప్రెషర్ ముల్లు చూడటం అలవాటు చేసుకోండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు మామూలుగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉంటుంది. మాటిమాటికీ పడిపోతుంటే నీరు ఎక్కడో పోతున్నట్టే. రేడియేటర్ల వాల్వులకు పొడి టిష్యూ చుట్టి చూడండి. పచ్చగా చిలుము పట్టిన అతుకును ముందు అనుమానించండి.

3. ఇంటి బయట గోడలోంచి వచ్చే రాగి గొట్టం చూడండి. ప్రెషర్ 3 బార్ చేరితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీటిని అటు వదిలేస్తుంది. వేడెక్కి ఉబ్బే నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి తగ్గితే తరచూ ఇలా అవుతుంది.

4. నీళ్లు నింపడం మరమ్మతు కాదు. కొత్త నీటితో పాటు ఆక్సిజన్ లోపలికి పోయి రేడియేటర్లను తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పే నల్లటి బురదై హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు అడ్డం పడుతుంది. మా బాయిలర్ పోయింది అందుకే.

5. గ్యాస్ బాయిలర్ మూత మీరు విప్పకండి. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషినే పిలవండి. అతని గ్యాస్ సేఫ్ కార్డు వెనకవైపు అతను ఏ పనులకు అర్హుడో ఉంటుంది, అడిగి చూడండి. గ్యాస్ వాసన వస్తే బయటికి వెళ్లి 0800 111 999కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దానికి అలారం తప్పనిసరిగా పెట్టుకోండి.

6. అద్దె ఇల్లయితే బాయిలర్ బాగుచేయించే బాధ్యత యజమానిదే. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి ఆ కాగితం మీకివ్వాలి. ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. ఫోటో తీసి, తేదీ వేసి, రాతపూర్వకంగా చెప్పండి.

మొదటి చుక్క పడిన రోజే మనిషిని పిలవండి. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఒక్కసారి ఆ ముల్లు ఎక్కడుందో చూడండి.