పేట పటం

ఇది సముద్రం ఒడ్డున ఉన్న ఒక పేట కథ. పేట పేరు చెప్పడం లేదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇలాంటి పేటలు చాలా ఉన్నాయి. మీ పేటే అనుకొని చదవండి.

కుళాయి దగ్గర

పేటలో 120 ఇళ్ళు ఉన్నాయి. వీధి కుళాయిలు రెండే. ఒకటి విరిగిపోయింది. రెండో దానికి తెల్లవారుజామున గంటసేపు నీళ్ళు వస్తాయి. దాని పైపు మురుగు కాలువ పక్కనుంచి వస్తుంది. పైపు ఒకచోట పగిలింది. బోరు ఉంది గాని, ఆ నీళ్ళు ఉప్పన. నోట పెట్టలేం.

నూకాలమ్మ చేపలు అమ్ముతుంది. తెల్లారేసరికి రేవులో ఉండాలి. వేలం పాటలో చేపలు కొనాలి. తట్ట నెత్తిన పెట్టుకొని వీధులు తిరగాలి. నీళ్ళ కోసం నిలబడితే వేలం అయిపోతుంది. వేలానికి పోతే నీళ్ళు అయిపోతాయి. రోజూ ఇదే బాధ. కుళాయి దగ్గర రోజూ తగవులే. బిందెలు సొట్టలు పడ్డాయి. మాటలు పోయాయి.

ఒకరోజు నూకాలమ్మ మనవరాలికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు లోతుకు పోయాయి. ఏడిస్తే కన్నీరు రాలేదు. పక్కింటి పోలమ్మ పరుగున పోయి ఆశా కార్యకర్తను పిలుచుకు వచ్చింది. ఆమె ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చింది. లీటరు మంచినీళ్ళలో కలిపి చెంచాతో కొంచెం కొంచెం పట్టించమంది. ఆటోలో పిల్లను ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళారు. పిల్ల బతికింది.

అక్కడి డాక్టరమ్మ అడిగింది:

"ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా?"

నూకాలమ్మ జవాబు చెప్పలేకపోయింది. ఆ ప్రశ్న మాత్రం ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది.

చదువు కేంద్రంలో

సాయంత్రం ఆడవాళ్ళంతా చదువు కేంద్రానికి వచ్చారు. ఆ రోజు ఎవరూ పలక తీయలేదు.

"కుళాయి సంగతి ఎవరికైనా చెప్పారా?" అని పంతులమ్మ అడిగింది.

"ఏటి చెయ్యమంటావమ్మా? చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది" అంది పోలమ్మ.

"ఎవరికి చెప్పారు?"

"అదుగో, మోటారు సైకిలు మీద వచ్చాడు కదా, ఆ బాబుకి."

"ఆయన ఎవరు?"

ఎవరికీ తెలియదు.

"ఎప్పుడు చెప్పారు?"

"వానలప్పుడు."

"చెప్పినట్టు కాగితం ఉందా?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పంతులమ్మ సుద్దముక్క తీసింది. నేల మీద పేట పటం గీయమంది. ఒకామె సముద్రం గీసింది. ఒకామె పడవలు ఆగే చోటు గీసింది. ఇళ్ళున్న చోట చింతపిక్కలు పెట్టారు. మనకు పని చేసిపెట్టే చోట్లకి గవ్వలు పెట్టారు. ఒక్కొక్క గవ్వ పెట్టినప్పుడల్లా పంతులమ్మ ఇవే ప్రశ్నలు అడిగింది: "ఇక్కడ ఎవరుంటారు? ఏం పని చేస్తారు? మనం ఎప్పుడు వెళ్ళాలి?"

పటంలో ఏమున్నాయి?

అంగన్‌వాడీ: ఇది 1975లో మొదలైన పథకం. ఆరేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం ఇస్తారు. పిల్లల బరువు తూస్తారు. టీకాలు వేసే రోజు ఇక్కడ అడిగితే తెలుస్తుంది.

ఆరోగ్య కేంద్రం: ఇక్కడ డాక్టరు, నర్సు ఉంటారు. ఆశా కార్యకర్త మన ఇంటికీ ఆరోగ్య కేంద్రానికీ మధ్య వంతెన లాంటిది. ఒకే వీధిలో చాలామందికి విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఇక్కడ చెప్పాలి. అది ఒక ఇంటి జబ్బు కాదు. నీటి జబ్బు.

పొదుపు సంఘం: సుమారు పదిమంది ఆడవాళ్ళు కలిసి పొదుపు చేసుకుంటారు. బ్యాంకు అప్పు తెచ్చుకుంటారు. పట్టణాల్లో ఈ సంఘాల పని మెప్మా అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. సంఘాలన్నీ కలిస్తే సమాఖ్య. సంఘం డబ్బు కోసమే కాదు. సంఘానికి తీర్మానాల పుస్తకం ఉంటుంది. అందులో రాసిన మాట ఒక్కరి మాట కాదు, అందరి మాట.

మత్స్యకార సహకార సంఘం: ఆడవాళ్ళకు వేరే సంఘాలు కూడా ఉన్నాయి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలతో వేట చేయకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజులకు ఇచ్చే భృతి కావాలంటే పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలి. వేటకు వెళ్ళేవారి పేరు మత్స్యశాఖ దగ్గర ఉండాలి. మీ ఇంటివారి పేరు ఉందా? అడిగి తెలుసుకోండి.

వార్డు కార్యాలయం: 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. నీళ్ళు, వీధి దీపాలు, చెత్త, పింఛను, ధ్రువపత్రాల కోసం ముందు ఇక్కడే అడగాలి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఉద్యోగి ఉంటారు. పనులు జరగకపోతే పై కార్యాలయం ఉంది. పట్టణంలో అయితే పురపాలక కార్యాలయం. పల్లెలో అయితే పంచాయతీ, ఆ పైన మండల కార్యాలయం.

మనం ఓటేసినవారు: పల్లెలో వార్డు మెంబరు, సర్పంచి. పట్టణంలో కౌన్సిలరు. నగరంలో కార్పొరేటరు. ఈ పదవుల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్ళకు ఉండాలని మన రాజ్యాంగం చెబుతోంది. 1993 నుంచి ఈ ఏర్పాటు అమలులో ఉంది.

పటం పూర్తయింది. నూకాలమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

"ఇన్ని గవ్వలున్నాయే మన పేటకి! మనం మాత్రం కుళాయి కాడ మనలో మనమే కొట్టుకుంటన్నాం" అంది.

అర్జీ రాశారు

మరుసటి రోజు పొదుపు సంఘం కూర్చుంది. తీర్మానం రాశారు. తరువాత అందరూ కలిసి అర్జీ రాశారు. ఆ అర్జీ ఇది:

తేదీ: ..................

పురపాలక కమిషనర్ గారికి,

.................. పేట మహిళలు రాసుకున్న అర్జీ.

అయ్యా,

మా పేటలో 120 ఇళ్ళు ఉన్నాయి. రెండు వీధి కుళాయిల్లో ఒకటి పనిచేయడం లేదు. రెండో కుళాయి పైపు మురుగు కాలువ పక్కన పగిలింది. ఆ నీళ్ళు తాగి పిల్లలకు విరేచనాలు అవుతున్నాయి.

మేము కోరేవి:
1. పగిలిన పైపు వెంటనే బాగుచేయించాలి.
2. విరిగిన కుళాయి బాగుచేయించాలి.
3. నీటిని పరీక్ష చేయించాలి.

ఇట్లు,
(సంతకాలు)

ఈ అర్జీలో తిట్లు లేవు. దండాలు లేవు. ఏం జరిగిందో ఉంది. ఏం కావాలో ఉంది. అది చాలు.

నూకాలమ్మ ఇంతవరకూ కాగితాల మీద వేలిముద్ర వేసింది. ఈసారి పెన్ను పట్టుకుంది. పేరులో 'కా' దగ్గర కొంచెం ఆగింది. మళ్ళీ రాసింది.

పదిమంది కలిసి కార్యాలయానికి వెళ్ళారు. గుమాస్తా అర్జీ తీసుకొని "సరే, వెళ్ళండమ్మా" అన్నాడు.

నూకాలమ్మ కదల్లేదు. "రసీదు ఇయ్యి బాబూ" అంది.

ఆయన ఒకసారి తలెత్తి చూశాడు. రెండో ప్రతి మీద ముద్ర వేసి, తేదీ వేసి, నంబరు వేసి ఇచ్చాడు.

ఏమయింది?

ఎనిమిదో రోజున మనుషులు వచ్చారు. పగిలిన పైపు మార్చారు. నీటిని సీసాలో పట్టి పరీక్షకు తీసుకువెళ్ళారు. విరిగిన కుళాయి మాత్రం అలాగే ఉంది. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి.

అప్పుడు పంతులమ్మ సమాచార హక్కు చట్టం గురించి చెప్పింది. ఈ చట్టం 2005లో వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాన్ని ఎవరైనా సమాచారం అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి దరఖాస్తు రుసుము లేదు. దానికి రుజువు జతచేయాలి.

ఆడవాళ్ళు ఒకే ప్రశ్న రాశారు: "ఫలానా తేదీ, ఫలానా నంబరు గల మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు?"

చూశారా? రసీదు ఉంది కాబట్టే ఆ తేదీ, ఆ నంబరు రాయగలిగారు.

జవాబు వచ్చింది. కుళాయి పని మంజూరయిందని, ఫలానా నెలలో చేస్తామని అందులో ఉంది. ఆ నెల ఇంకా రాలేదు. ఆ కాగితం నూకాలమ్మ ట్రంకు పెట్టెలో రేషను కార్డు పక్కన ఉంది. ఆ నెల వస్తే మళ్ళీ వెళ్తారు.

పటం గోడకెక్కింది

నేల మీది పటం చెరిగిపోతుందని పెద్ద కాగితం మీద మళ్ళీ గీశారు. అంగన్‌వాడీ గోడకు అంటించారు. అప్పుడు పోలమ్మ ఒక ఇల్లు చూపించింది. ఒడ్డుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఇల్లు అది. అందులో ఒక ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. చెవులు వినపడవు.

"తుపాను వస్తే మైకులో చెబుతారు. ఆమెకి ఎవరు చెబుతారు?" అంది పోలమ్మ.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలమందిని మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నాటికీ నేటికీ హెచ్చరికలు బాగుపడ్డాయి. కాని హెచ్చరిక ప్రతి ఇంటికీ చేరాలి. అందుకే ముసలమ్మ ఇంటి పక్కన పోలమ్మ తన పేరు రాసింది. ఆమెను తుపాను షెల్టరుకు తీసుకువెళ్ళే బాధ్యత పోలమ్మది. అలా గర్భిణుల ఇళ్ళకు, నడవలేనివారి ఇళ్ళకు ఒక్కొక్కరి పేరు రాశారు.

ఇలా కలిసి నడవడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడం మొదలుపెట్టిన ఆడవాళ్ళు కలిసి సారా వద్దన్నారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

గుర్తుంచుకోండి

• ఒక్కరు కాదు, కలిసి అడగండి.
• నోటితో చెప్పి ఊరుకోకండి, రాసి ఇవ్వండి.
• రసీదు తీసుకోండి. దాచుకోండి.
• కుళాయి బాగయ్యేదాకా నీళ్ళు మరగకాచి, చల్లార్చి తాగండి.
• ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువ కాకూడదు.

ఈ నంబర్లు గోడ మీద రాసుకోండి

అత్యవసర సహాయం, పోలీసు: 112
అంబులెన్సు: 108
ఆపదలో ఉన్న మహిళలకు: 181
ఆపదలో ఉన్న పిల్లలకు: 1098
సముద్రంలో ఆపద వస్తే, కోస్ట్ గార్డు: 1554
ఉచిత న్యాయ సహాయం: 15100. ఆడవాళ్ళందరికీ ఈ హక్కు ఉంది. ఆదాయం ఎంతైనా సరే.

మాట్లాడుకోండి

1. నూకాలమ్మ రసీదు అడగకపోతే ఏమయ్యేది?
2. మీ పేటలో కుళాయి పాడయితే ఎవరికి చెప్పాలి? ఆయన పేరు మీకు తెలుసా?
3. మీ పేటలో తుపాను కబురు అందని ఇల్లు ఏది?

చేయండి

1. మీరంతా కలిసి మీ పేట పటం గీయండి.
2. మీ పేటకు కావలసిన ఒక్క పని గురించి అర్జీ రాయండి. కింద మీ సంతకం మీరే చేయండి.