వ్రేలాడు మణికట్టు మరల లేచునా?

ప్రశ్న: సరిహద్దున ఫిరంగిగుండు ముక్క తగిలి మా తమ్ముని కుడి దండచేతి యెముక విరిగినది. ఎముక అతికి, పుండు మానినది. మూడు నెలలైనను మణికట్టు పైకి లేవదు. సెలవుపై ఇంటనున్నాడు. ఏమి చేయవలెను? – ఒక సోదరి, రేపల్లె

జవాబు: అమ్మా, అధైర్యపడవలదు. దండయెముకను వెనుకనుండి చుట్టుకొని పోవు నరమే మణికట్టును, వ్రేళ్ళను పైకెత్తును. అది నలిగినదో తెగినదో ముందు తేలవలెను. నలిగిన నరము తనంత చిగుర్చును గాని, దినమునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధ క్షతగాత్రులను పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు టినెల్ 1915లో చెప్పిన గుర్తొకటి కలదు: నరము దారివెంట వ్రేలితో మెల్లగా తట్టుచు పోగా, ఎచ్చట చీమలు ప్రాకినట్లు జివ్వుమనునో అచ్చటికి క్రొత్త మొలక చేరినదన్నమాట. ఆ చోటు నెలనెలకు క్రిందికి జరుగుట శుభలక్షణము.

నరము కోలుకొనుదాక మణికట్టుకు బద్ద కట్టించి, ఎడమచేతితో కుడివ్రేళ్ళను పలుమార్లు పూర్తిగా చాపి ముడువవలెను. ఈ యొక్కటి ఉపేక్షించి, నరము వచ్చినను కీళ్ళు బిగిసిపోయిన యువకులను చూచి నేనెంతో నొచ్చుకొంటిని. నూనె మర్దనము నరమును అతికింపజాలదు. స్పర్శలేని చోట వేడిగిన్నె తగులనీయకుడు.

ఇంక జాగు వలదు. సికిందరాబాదు సైనికాసుపత్రిలో నరముల విద్యుత్పరీక్ష చేయింపుడు; కదలిక ఛాయయైన లేనిచో శస్త్రచికిత్స అవసరము కావచ్చును; ఏలయన ఏడాది, ఏడాదిన్నర దాటినచో కండరము క్షీణించి నరమును అందుకొనజాలదు. నిద్రపట్టనీయని మంట, వాపు, వ్రేళ్ళు నల్లబడుట కనిపించిన నాడే గుంటూరు ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపొండు.