తాళం వేసిన ఇండ్లు, తావు చాలని కుటుంబాలు

సూరత్ నగరానికి తూర్పు వైపున, జౌళి మార్కెట్లకు చేరువలో పర్వత్ పాటియా అనే పేట ఉన్నది. దానికి ఆనుకొనే లింబాయత్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మరమగ్గాల పనికై తరలివచ్చిన తెలుగు నేతకుటుంబాలు ఈ చుట్టుపట్లనే స్థిరపడినవి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోను పాఠశాలలు నడుపుతున్నది. వలస వచ్చినవారి బిడ్డలకు వారి భాషలోనే అక్షరాలు దిద్దించిన నగరమిది. అయితే ఆ బిడ్డల తల్లిదండ్రులకు చాలినంత నీడ దొరికినదా?

2001లో 24 లక్షలుగా ఉన్న నగర జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటినది. పొలిమేరలు విస్తరించడం ఇందుకు కొంత కారణం. పగటి షిఫ్టువాడు లేచిన పడకపై రాత్రి షిఫ్టువాడు పడుకొనే గదులు ఈ నగరంలో అరుదు కావు. అదే కాలంలో, 2011 జనాభా లెక్కల ప్రకారం, దేశంలోని పట్టణాలలో కోటీ 11 లక్షల ఇండ్లు ఖాళీగా ఉన్నవి. ఒక్క గుజరాత్‌లోనే దాదాపు 12 లక్షలు. మహారాష్ట్ర తరువాతి స్థానం దీనిదే.

2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం పట్టణాలలో ఇండ్ల కొరతను కోటీ 87 లక్షలుగా అంచనా వేసినది. ఇందులో దాదాపు కోటిన్నర కుటుంబాలకు ఇల్లు లేకపోలేదు. ఉన్న ఇల్లు ఇరుకు. కొరతలో 95 శాతానికి పైగా అల్పాదాయ వర్గాలదే.

ఇల్లు కట్టి తాళం వేయడం ఎందుకు? లెక్క చూస్తే తెలుస్తుంది. ఉదాహరణకు 30 లక్షల ఇంటికి నెలకు 6,000 రూపాయల అద్దె వచ్చినదనుకొందాము. ఏడాదికి 72,000, పెట్టుబడిపై రెండున్నర శాతమైనా కాదు. అద్దెకున్నవాడు ఖాళీ చేయడేమోనన్న భయం దీనికి తోడు. స్థలం ధర పెరుగుతున్నప్పుడు యజమానికి తాళమే సుఖం. ఇక్కడ ఇంటి విలువపై ఒక శాతం ఖాళీ పన్ను విధిస్తే 30,000 చేతినుండి పోతుంది. తాళం తీయడానికి అది బలమైన కారణమే.

మన పన్నుల పద్ధతి ఇందుకు ఎదురుగా నడిచినది. అహ్మదాబాదు ఆస్తిపన్ను సూత్రంలో యజమాని కాపురమున్న ఇంటికంటె అద్దెకిచ్చిన ఇంటికి గుణకం రెట్టింపు. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టం ఖాళీ ఇంటికి పన్నులో మినహాయింపు కోరే వీలు కల్పించినది. అద్దెకిచ్చినవానికి శిక్ష, తాళం వేసినవానికి రాయితీ!

ఫ్రాన్సు 1998 చట్టంతో ఇండ్ల కొరత గల పెద్ద పట్టణాలలో ఖాళీ పన్ను తెచ్చినది. దానివల్ల ఖాళీ ఇండ్లు సుమారు 13 శాతం తగ్గినవని తరువాతి అధ్యయనమొకటి తేల్చినది. కెనడాలోని వాంకూవర్ నగరం 2017లో ఒక శాతంతో ఆరంభించి తరువాత మూడు శాతానికి పెంచినది.

అయితే ఖాళీలన్నీ ఒకే జాతివి కావు. పేదలకై ప్రభుత్వ నిధులతో కట్టిన ఇండ్లు సైతం పనిచోటికి దూరమై పాడుపడినవి. వీటిని పన్ను కదిలించలేదు. 2020లో వచ్చిన అద్దె గృహాల పథకం క్రింద సూరత్‌లో అటువంటి 393 ఇండ్లను వలస కార్మికులకు అద్దెకిచ్చే ఏర్పాటు జరిగినది. నగరపు అవసరానికి ఇది స్వల్పమే కాని, దారి సరియైనదే.

ఖాళీ అని నిర్ణయించుటే కష్టమైన పని. విద్యుత్ మీటరు రీడింగు కొంత చెబుతుంది, అంతా చెప్పదు. పర్వత్ పాటియా వైపు ఇరుకు గదిలో అద్దెకుండే నేతపనివానికి సిరిసిల్లలో తాతలనాటి ఇల్లు తాళం వేసి ఉండవచ్చు. పండుగకు, పెండ్లికి తెరుస్తాడు. జనాభా లెక్కలవారి దృష్టిలో అదీ ఖాళీగా తేలవచ్చు. పర్వత్ పాటియాలో ధర పెరుగుదలకై మూసి ఉంచిన మూడవ ఫ్లాటూ ఖాళీయే. పన్ను చట్టం వ్రాసేవారు మొదట విడదీయవలసినది ఈ రెండు తాళాలనే.